ఒడ్డు వదలకముందే

"పట్టీలు బిగించుకునేదాకా ఎవరూ పడవ ఎక్కొద్దమ్మా" అని బావ అనగానే, అప్పటికే ఒక కాలు లోపల పెట్టిన మా చిన్నది ముఖం ముడుచుకొని వెనక్కి దిగింది.

ఈ ఉదయం సోమశిల జలాశయం ఒడ్డున బావ దాని లైఫ్ జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూస్తే అది చెవుల దాకా వచ్చేసింది. అలాంటిది తొడుక్కొని నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది గానీ పిల్ల కిందికి జారిపోతుంది. కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చే చిన్న జాకెట్ తొడిగి, మళ్లీ లాగి చూసిన తరువాతే ఎక్కించాడు.

అల్యూమినియం పడవ తేలికైనది కాబట్టి ఒక్కరు లేచి అంచుకు వంగినా అటే ఒరుగుతుంది. అందుకే అమ్మను నడిమి బల్ల మీద కూర్చోబెట్టి, బరువు రెండు వైపులా సమంగా సర్ది, వెనుక అడుగున నీరు పోయే రంధ్రానికి బిరడా బిగించి ఉందో లేదో వేలితో తడిమి చూశాడు. ముందుగా గాలికి ఎదురుగా వెళ్లాం. తిరుగు ప్రయాణంలో ఆ గాలే ఒడ్డు వైపు తోస్తుందట.

2017 నవంబరులో కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఒంగోలు వాళ్లు ఎందరో ప్రాణాలు కోల్పోయిన సంగతి మన ప్రాంతంలో ఎవరూ మరవలేదు. అయినా జాకెట్‌ను ఒళ్లో పెట్టుకొని కూర్చునే పెద్దలను ఇప్పటికీ చూస్తున్నాను, చాలా బాధ కలుగుతుంది.

పిల్ల బరువుకు సరిపోయే జాకెట్‌ను మేమే సొంతంగా కొనబోతున్నాం.