పక్క రోస్టర్ బల్ల మీద నా కాఫీ ఎందుకు చప్పబడుతోంది?

మళ్లీ అదే కథ. పొద్దున ఇంట్లో తాగినప్పుడు నిమ్మ పులుపు, తేనె తీపి తగిలిన వాష్డ్ (పండు గుజ్జు కడిగేసి ఎండబెట్టిన) ఇథియోపియా కాఫీయే, మధ్యాహ్నం ఒక పెద్ద రోస్టరీలో (కాఫీ గింజలు వేయించే చోట) కప్పింగ్ బల్ల మీద, అంటే గిన్నెల్లో కాఫీ పోసి చెంచాతో రుచి చూసే బల్ల మీద, తడిసిన అట్టముక్కలా ఉంది. బ్యాచ్ అదే, ప్యాకెట్టూ అదే. ఆ రోస్టరీ నడిపే పెద్దాయన మర్యాదస్తుడు కాబట్టి ముఖం చిట్లించలేదు. చెంచా కడుక్కుని, "బాగానే ఉందండీ" అని పక్క గిన్నె దగ్గరికి వెళ్లిపోయారు. ఒళ్లు మండిపోయింది, ఆయన మీద కాదు, ఆ గిన్నె మీద.

నా సొంత రోస్టరీ తెరవకముందే, ఎప్పటినుంచో ఈ పనిలో ఉన్నవాళ్లందరినీ పలకరించి రావాలనుకున్నాను. మిగతాచోట్ల సాఫీగా జరిగిపోయింది. ఒకరు 60 కిలోల పచ్చిగింజల బస్తా చెరిసగం తీసుకుందామన్నారు, ఇంకొకరు వాళ్ల డీస్టోనర్ (గింజల్లోంచి రాళ్లు ఏరే యంత్రం) వాడుకోమన్నారు. ముందు మెసేజ్ పెట్టి, రోస్టింగ్ లేని రోజు చూసుకుని వెళ్తే మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. హోల్‌సేల్ ధరల ఊసు మాత్రం నేను ఎత్తను. పోటీదారులు కూర్చుని ధరలు కుదుర్చుకోవడం చాలా దేశాల్లో నేరుగా చట్టవిరుద్ధం, కబుర్లలో కూడా అటు వెళ్లకపోవడమే మంచిది. ఎవరెవరికి సరుకు వేస్తున్నారని కూడా అడగను.

సరే, చిక్కు సంగతికి వద్దాం. కప్పింగ్ కొలతలు రెండుచోట్లా ఒకటే: 150 మి.లీ.కి 8.25 గ్రాములు, నీళ్లు 93 డిగ్రీలు, 4 నిమిషాలకి పైన తేలిన పొడి పొరని చెంచాతో విరవడం. గ్రైండర్ తేడా ఏమోనని నా చేతి గ్రైండర్ కొమాండాంటే పట్టుకెళ్లాను, ఏమీ మారలేదు. వేయించాక గింజలకి విశ్రాంతి చాలలేదందామా అంటే ఒకే ప్యాకెట్ పొద్దున బాగుండి మధ్యాహ్నానికి పాడవదు. ఇక మిగిలింది నీళ్లు.

ఇంట్లో నేను డిస్టిల్డ్ వాటర్‌లో ఎప్సమ్ సాల్ట్, వంటసోడా కలిపి ఆల్కలినిటీ (బైకార్బనేట్ వల్ల వచ్చే, పులుపుని విరిచే గుణం) 40 పీపీఎం దగ్గర పెట్టుకుంటాను. ఆయన్ని అడిగి ఒక సీసాడు నీళ్లు తెచ్చుకున్నాను (కాఫీ రుచి చూపించడానికి వచ్చి నీళ్లు పట్టుకెళ్లేవాణ్ని ఆయన ఎప్పుడూ చూసి ఉండరు). చేపల తొట్టి నీళ్లలో ఈ ఆల్కలినిటీనే కొలిచే కేహెచ్ కిట్‌తో చూస్తే, 5 మి.లీ. నీళ్లు నీలం నుంచి పసుపుకి తిరగడానికి కిట్‌లోని మందు 7 చుక్కలు పట్టింది. చుక్కకి 17.9 చొప్పున 125 పీపీఎం. నా నీళ్లకి మూడింతలు! అంత బైకార్బనేట్ ఉంటే కాఫీలో పులుపు బతకదు.

మరి పక్క గిన్నెలోని ఆయన కాఫీ అవే నీళ్లలో అంత కమ్మగా ఎలా ఉంది? ఏళ్ల తరబడి ఆ నీళ్లతోనే రుచి చూస్తూ రోస్ట్‌ని వాటికే కుదుర్చుకుని ఉంటారని నా అంచనా. రేపు నా కాఫీ కొనేవాళ్లు కలుపుకునేది కూడా కుళాయి నీళ్లే, నా సీసాలో నీళ్లు కావు. ఈ ముక్క ఇంట్లో కూర్చుంటే తట్టేది కాదు.

అక్కడితో తేలిపోతే బాగుండేది. ఇంట్లోనే సోడా పెంచి 125 పీపీఎంకి తెచ్చి పెట్టాను. పులుపు పోయింది, సరే. అట్ట రుచి కూడా వచ్చింది! నీళ్లు పులుపుని చంపగలవు గానీ అట్టని ఎక్కడినుంచి తెస్తాయి? అది గింజలోనే ఉండి, ఇన్నాళ్లూ పులుపు చాటున దాక్కుందన్నమాట.

రోస్టింగ్‌లో వేడిని నమోదు చేసే ఆర్టిజన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ బ్యాచ్ గ్రాఫ్ తెరిచాను. (క్రాప్‌స్టర్ సొగసుగా ఉంటుంది, కానీ ఒక్క రోస్టింగ్ డ్రమ్ము ఉన్నవాడికి చందా దండగ, ఉచితంగా వచ్చే ఆర్టిజన్ చాలు.) 500 గ్రాముల బ్యాచ్. ఫస్ట్ క్రాక్ (గింజలు చిటపటమని పగలడం మొదలయ్యే ఘట్టం) 8:40కి, అంటే 8 నిమిషాల 40 సెకన్లకి, 197 డిగ్రీల దగ్గర. అప్పుడు ఆర్ఓఆర్ (గింజల వేడి పెరిగే వేగం) నిమిషానికి 9 డిగ్రీలు. 40 సెకన్లలో 3.5కి కుప్పకూలి, మళ్లీ 6కి ఎగిరింది. డ్రాప్ (గింజల్ని డ్రమ్ములోంచి దించడం) 10:15కి, 205 డిగ్రీల దగ్గర. బరువు తరుగు 12.8 శాతం. రుచి చెడగొడతాయని రోస్టింగ్ పుస్తకాలు రాసిన స్కాట్ రావు ఎప్పటినుంచో మొత్తుకునే క్రాష్ (ఆ కూలడం), ఫ్లిక్ (ఆ ఎగరడం) రెండూ ఉన్నాయి.

గింజలు పగిలి ఆవిరి వదిలేటప్పుడు ఆర్ఓఆర్ కొంత పడటం మామూలే. ఇంత పడటానికి 190 దగ్గర నేను పెంచే ఫ్యాన్ కారణమా? ఫ్యాన్ కదపకుండా చేస్తే ఆర్ఓఆర్ 4.5 దగ్గర ఆగింది, పొగ వాసన మిగిలింది. మంట 180 దగ్గరే తగ్గిస్తే 5 దగ్గర నిలబడింది గానీ, ఫస్ట్ క్రాక్ 9:30కి జారిపోయి తీపి తగ్గింది. పొట్టు పేరుకుని గాలి ఆడటం లేదేమోనని పొట్టు పట్టే సైక్లోన్ డబ్బా కూడా దులిపాను, తేడా లేదు. గింజల వేడి కొలిచే ప్రోబ్ మీద ఇంకా అనుమానం ఉంది. 6 మి.మీ. ది మందకొడిగా చెబుతుంది కాబట్టి అసలు క్రాష్ గ్రాఫ్‌లో కనిపించేదానికన్నా లోతుగానే ఉండొచ్చు. 3 మి.మీ. ది తెప్పించాను.

ఈసారి బ్యాచ్ 400 గ్రాములకి దించి, ఛార్జ్ (గింజలు పోసేటప్పటి డ్రమ్ము వేడి) 10 డిగ్రీలు పెంచుతాను. మొదట్లోనే వేడి బాగా పట్టిస్తే, తర్వాత మంట ముందే తగ్గించినా ఫస్ట్ క్రాక్ ఆలస్యం కాకూడదు. రుచి మాత్రం రెండు రకాల నీళ్లలోనూ చూస్తాను.

పెద్దాయన దగ్గరికి ఈసారి నా గింజలు పట్టుకెళ్లను. నా నీళ్లు పట్టుకెళ్లి, ఆయన కాఫీనే వాటిలో కప్పింగ్ పెట్టమని అడుగుతాను, మూడు గిన్నెల్లో ఒకటి మాత్రం వేరే నీళ్లతో ఉండేలా. తన కాఫీ గురించైతే ఆయన నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడతారనిపిస్తోంది. అప్పుడు ఫస్ట్ క్రాక్ దగ్గర మంట ఎలా దించుతారో అడగాలి. చెబితే సరి, చెప్పకపోతే సగం బస్తా వచ్చాక అందులోంచి ఒక బ్యాచ్ ఆయన డ్రమ్ములో కూలికి వేయించి, రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూస్తాను.