సగం సర్దిన ఇల్లు, దారిలో ఉన్న తుఫాను

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి ముందుగదిలో గోడ పొడవునా పేరుస్తూ వచ్చిన అట్టపెట్టెల్లో కొన్నింటిని ఈ రోజు మళ్లీ విప్పాను. సైనిక కుటుంబానికి సామాను సర్దడం కొత్త కాదు. ఏది ముందు కట్టాలో, ఏది చివరిదాకా బయట ఉంచాలో చేతులకు అలవాటైపోతుంది. అయితే ఇల్లు మారేటప్పుడు పాటించే వరుస తుఫానుకు పనికిరాదు. టార్చిలైట్లు, బ్యాటరీలతో నడిచే రేడియో, ప్రథమ చికిత్స పెట్టె రోజూ వాడేవి కావు కనుక మొదటే పెట్టెల అడుగుకు చేరతాయి; గాలివాన వస్తోందంటే ముందుగా కావలసినవి అవే. వాటిని బయటికి తీసి, మూతలకు మళ్లీ టేపు వేసేసరికి మధ్యాహ్నమైంది.

సామాను లారీ రావడం వాయిదా పడింది. ఆ నిర్ణయం సరైనదే. గాలి వేగం రెండింతలైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది. సామాను దించి ఖాళీగా తిరిగివెళ్లే ఎత్తైన లారీని పక్కగాలి సులువుగా ఒరగదోస్తుంది. మా సామాను కోసం ఏ డ్రైవరూ అలాంటి రోడ్డు మీద ఉండకూడదు. కానీ లారీ రాకపోతే ఈ పెట్టెలన్నీ నేలమీదే ఉండిపోతాయి. అట్టపెట్టె అడుగు తడిస్తే ఎత్తగానే విడిపోతుంది కాబట్టి వాటిని మంచాల మీదికి, బల్లల మీదికి చేర్చాం. ఇనుప ట్రంకులను మాత్రం ఇటుకల మీద నిలబెట్టి, వాటిపై పుస్తకాల పెట్టెలు ఎక్కించాం. పెట్టెల మీద రాసిన అక్షరాలు తడికి చెరిగిపోకుండా ప్రతి చీటీనీ ప్లాస్టిక్ కవరులో పెట్టి అతికించే పనిని మా అమ్మాయి తీసుకుంది. బదిలీ ఉత్తర్వు, కుటుంబ గుర్తింపు కార్డులు, పిల్లల బడి బదిలీ పత్రాలు, వైద్య రికార్డులు, అత్తయ్య రోజూ వేసుకునే మందులు ఒకే నీరు చొరని సంచిలో వేసి వెంటనే భుజానికి తగిలించుకునేలా చేతికందే చోట పెట్టాను. ఇంటి నుంచి ఒక్కటే తీసుకుని బయలుదేరవలసి వస్తే అది ఆ సంచే.

చీటీలు అతికిస్తూ అమ్మాయి అడిగింది: "అమ్మా, తుఫాను వస్తే అందర్నీ ఇంట్లోనే ఉండమంటున్నారు కదా, నాన్న మాత్రం ఎందుకు వెళ్లారు?" దీనికి సమాధానం చెప్పడం తేలిక కాదు. అందరినీ లోపల ఉండమని చెప్పే హెచ్చరికే ఆయన్ను బయటికి పిలుస్తుంది. పడవలు, తాళ్లు, చెట్లు కోసే రంపాలు, మంచినీటి ట్యాంకర్లు సిద్ధం చేసుకుని, పిలుపు రాగానే కదలడానికి ఆయన దళం నిలిచి ఉంది. కొత్త చోట చేరవలసిన తేదీ కాగితం మీద ఉన్నా, ఇక్కడి బాధ్యత ఇంకా ఆయన భుజం మీదే ఉంది.

హెచ్చరికల వెనక ఎంతమంది సైనికుల శ్రమ ఉందో అమ్మాయికి చెప్పాను. గాలి బలాన్ని అంచెలుగా కొలిచే పద్ధతిని 1806లో తన దినచర్య పుస్తకంలో రాసుకున్న ఫ్రాన్సిస్ బోఫోర్ట్ బ్రిటిష్ నావికాధికారి. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుఫానుకు పగిలి నాలుగు వందల మందికి పైగా మరణించాక, ఓడరేవులకు తంతి ద్వారా తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాటును 1861లో మొదలుపెట్టిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ కూడా ఆ నావికాదళం వాడే. నాకు ఎక్కువగా గుర్తుండిపోయినది అమెరికాలోని టింకర్ వైమానిక స్థావరం సంగతి. 1948 మార్చి 20న టోర్నడో అనే భీకర సుడిగాలి ఆ స్థావరాన్ని ధ్వంసం చేసింది. అక్కడి ఇద్దరు వాతావరణ అధికారులు ఆ రోజు పరిస్థితులను నిశితంగా అధ్యయనం చేసి, మార్చి 25న మళ్లీ అటువంటి పరిస్థితులే కనిపించగానే టోర్నడో రావచ్చని ప్రకటించారు. ఆ సాయంత్రమే అది వచ్చింది. విమానాలను ముందే భద్రపరచడానికి వ్యవధి దొరికింది. ఇలా ఎవరో ముందుగా చెప్పడం వల్లనే ఈ రోజు నాకు పెట్టెలు పైకి ఎత్తుకునే సమయం చిక్కింది.

సాయంత్రం ప్రతి గదికీ, ప్రతి కిటికీకీ ఫొటోలు తీశాను. ఈ క్వార్టరు మాది కాదు. అప్పగించేటప్పుడు ఫ్యాన్లు, కుళాయిలు, అద్దాలు జాబితాతో సరిచూస్తారు. ఏది ముందే పగిలింది, ఏది తుఫానుకు పగిలింది అన్నది ఆ ఫొటోలే చెప్పాలి. అద్దాలకు టేపు అడ్డంగా అంటిద్దామని అబ్బాయి అన్నాడు, వద్దన్నాను. టేపు అద్దాన్ని పగలకుండా ఆపదు, పైగా పగిలినప్పుడు పెద్ద పెద్ద ముక్కలుగా ఎగిరిపడే ప్రమాదం ఉంది. దాని బదులు వాడు సైకిళ్లు, పూలకుండీలు, చెత్తబుట్ట లోపలికి చేర్చాడు. పడకలు కిటికీలు లేని నడవలోకి మార్చాం. గాలి ఒక్కసారిగా ఆగినా తలుపు తీయకూడదని, అది తుఫాను నడిమధ్య గాలి నెమ్మదించే 'కన్ను' కావచ్చని, అది దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే ఉద్ధృతంగా వీస్తుందని ఇద్దరికీ రెండుసార్లు చెప్పాను. ఇల్లు మారడం కోసం ఫ్రిజ్ దాదాపు ఖాళీ చేసి ఉండటం ఇప్పుడు కలిసివచ్చింది. నీటి సీసాలు నింపి గడ్డకట్టడానికి పెట్టాను.

చీకటిపడ్డాక ఆయన ఫోను చేశారు, కొద్దిసేపే మాట్లాడుకున్నాం. ఖాళీ చేయమని ప్రకటన వస్తే తన ఫోను కోసం ఆగవద్దన్నారు. నేనూ అదే చెబుదామనుకున్నాను. ప్రవహించే నీరు 30 సెంటీమీటర్ల లోతుంటే చాలు, చాలా కార్లు తేలిపోతాయి. నీరు కనిపించాక బయలుదేరడం ఆలస్యమే. అత్తయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టాలి, పిల్లలు వెనక, సంచి నా దగ్గర, పెట్టెలన్నీ ఇక్కడే. ఏ ఆశ్రయానికి వెళతామో ఆయనకు చెప్పాను, ఆయన రాసుకున్నారు. పక్క క్వార్టరులో ఉన్నావిడ భర్త కూడా డ్యూటీలోనే ఉన్నారు, ఆవిడా మాతోపాటే వస్తారు.