పాసు ఫ్రీనే, మరి బస్సేదండీ?

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో నేను నడిపే బస్సు ఎక్కేవాళ్ళలో చాలామంది డబ్బులివ్వరు. కార్డు మెషీన్ మీద పెడతారు, అది కుయ్‌మంటుంది, వెళ్ళి కూర్చుంటారు. 60 నిండినవాళ్ళకి స్కాట్లాండ్ అంతటా 2006 నుంచే ఫ్రీ. 2022 జనవరి 31 నుంచి 5 ఏళ్ళు నిండిన పిల్లల దగ్గర్నుంచి 22 నిండని కుర్రాళ్ళ దాకా వాళ్ళకీ ఫ్రీ చేశారు. ఊరి బస్సే కాదు, గ్లాస్గో నుంచి ఉత్తరాన ఇన్వర్నెస్ దాకా వెళ్ళే దూరపు బస్సుకీ అదే కార్డు చెల్లుతుంది. రైళ్ళకి చెల్లదు, రాత్రిపూట ఎక్కువ రేటుతో నడిచే స్పెషల్ బస్సులకీ, టూరిస్టు బస్సులకీ చెల్లదు.

మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర లంక ఊరు. మా ఆవిడ నర్సు, ఉద్యోగం వచ్చింది ఆవిడకి, నేను డిపెండెంట్ వీసా మీద వెనకాల వచ్చినవాణ్ణి. మొదట గోడౌన్లో డబ్బాలు మోశాను. తర్వాత బస్సు డ్రైవర్లు దొరకట్లేదు, ట్రైనింగ్ వాళ్ళే ఇచ్చి తీసుకుంటున్నారు అని తెలిసి, ఇక్కడి కారు లైసెన్సు తెచ్చుకుని, మళ్ళీ పెద్ద బండికి పరీక్షలన్నీ రాసి చేరాను. ఊళ్ళో కొబ్బరికాయల లారీ తోలిన చెయ్యి కదా, బండి నాకు కష్టం కాలేదు, ఇక్కడి వాళ్ళ ఇంగ్లీషు యాస అర్థం కావడానికే టైం పట్టింది. ఫారిన్ వెళ్ళి బస్సు తోలుతున్నాడంట అని ఊళ్ళో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళల్లో పనిచేసి బిడ్డల్ని చదివించిన ఆడవాళ్ళు వీధికొకరున్న ఊరు మాది.

కండక్టర్ ఉండడు, డ్రైవరే టికెట్టు కొట్టాలి. అయిదున్నర గంటలు నడిపితే అరగంట ఆగి తీరాలి, అది చట్టం. దిగేవాళ్ళు ఆఖరికి తాగి ఉన్నవాడు కూడా థ్యాంక్స్ చెప్పి దిగుతాడు, ఇది మాత్రం నాకు భలే నచ్చింది.

ఈ ఫ్రీ పాసు ఎలా వచ్చిందంటే, 2020లో స్కాట్లాండ్ పార్లమెంటులో అధికార పార్టీకి సొంతంగా మెజారిటీ లేదు. బడ్జెట్ పాసవ్వాలంటే పర్యావరణం మాటెత్తే గ్రీన్స్ పార్టీ మద్దతు కావాలి. 19 ఏళ్ళ లోపు వాళ్ళకి బస్సు ఫ్రీ చెయ్యండి, ఓటేస్తాం అన్నారు వాళ్ళు. మధ్యలో కోవిడ్ వచ్చి ఆలస్యమైంది, మరుసటేడు బడ్జెట్ బేరంలో ఆ 19ని 22 చేయించారు. సుమారు 9 లక్షల 30 వేల మందికి వర్తించే స్కీమ్ ఇది. బస్సు కంపెనీలు ప్రైవేటువి, ఎవరు ఎక్కారో మెషీన్ లెక్క పెడుతుంది, టికెట్టు రేటులో కొంత వాటా ప్రభుత్వం కంపెనీకి కడుతుంది. స్కాట్లాండ్‌లో నివాసం ఉంటే చాలు, ఏ దేశం పాస్‌పోర్టు అని అడగరు. మన పిల్లలకి మాత్రం పెద్దగా ఉపయోగపడదులెండి, బీటెక్ అయి ఎమ్మెస్‌కి వచ్చేసరికి 22 దాటిపోతాయి, పాపం డబ్బులు పెట్టి ఎక్కుతూ నా మొహం చూస్తారు.

మరి దీనివల్ల కార్లు తగ్గాయా? నేనైతే బల్లగుద్ది చెప్పను. ఎస్తోనియాలో తాలిన్ నగరం 2013లోనే అక్కడ రిజిస్టరైన వాళ్ళందరికీ ఫ్రీ చేసింది, లక్సెంబర్గ్ 2020లో దేశం మొత్తం ఫ్రీ చేసింది. తాలిన్‌లో బస్సులెక్కేవాళ్ళు పెరిగారు గానీ వాళ్ళలో చాలామంది అంతకుముందు నడిచి వెళ్ళినవాళ్ళే, కారున్నవాడు కారు దిగింది తక్కువ అని చదివాను. నాకది వింతగా అనిపించలేదు. కారు కొనుక్కున్నవాడికి బస్సు ఫ్రీ అంటే ఏం లెక్క? అందుకే కుర్రాళ్ళతో మొదలుపెట్టడం నాకు తెలివైన పనిగా కనిపిస్తుంది. ఇక్కడ 17 ఏళ్ళకి లైసెన్సు ఇస్తారు, కానీ కొత్త కుర్రాడి కారు ఇన్సూరెన్సు చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఆ వయసులో బస్సు ఫ్రీగా, టైముకి దొరికితే కారు సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటాడు. శనివారం పొద్దున్నే షాపుల్లో పార్ట్‌టైం పనికి వెళ్ళే పిల్లలు నా బస్సులో ఎక్కువ, అంతకుముందు వాళ్ళు సంపాదించిందాంట్లో కొంత టికెట్టుకే పోయేది.

గొడవలు లేవని కాదు. శుక్రవారం సాయంత్రం డబుల్ డెక్కర్ పై అంతస్తులో కుర్రమూక చేసే అల్లరికి నాకు టెన్షన్, ఒకసారి అద్దం పగలగొట్టారు, ఫ్రీ కాబట్టే ఇలా తిరుగుతున్నారని మా డిపోలో సగం మంది తిడతారు. నేను ఒప్పుకోను. ఊళ్ళో వీళ్ళకి కూర్చోడానికి చోటు లేదు, బయట వాన, బస్సులో వెచ్చగా ఉంటుంది, ఎక్కుతారు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. డ్రైవర్లు చాలక ఒక రూటులో రాత్రి ట్రిప్పులు తీసేశారు. ఆ చివర కాలనీ పిల్లల చేతిలో కార్డు ఉంది, బస్సు లేదు.

ఇది మా అన్నయ్య కొడుక్కి చెబితే నవ్వాడు. వాడు అమలాపురంలో డిప్లొమా చదువుతున్నాడు. "ఆయ్, మా ఊరి సంగతే చెబుతున్నారు బాబాయ్. చెల్లికి ఫ్రీ అండి, నాకు టికెట్టండి, ఇద్దరికీ బస్సు మాత్రం లేదండి" అన్నాడు. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఫ్రీ. మంచి పథకం, మా వదిన అమలాపురం ఆసుపత్రికి ఎవరినీ డబ్బులు అడగకుండా వెళ్ళొస్తోంది. కానీ గట్టు మీద ఉన్న లంక ఊళ్ళకి పల్లెవెలుగు ఎన్నిసార్లు వస్తుంది? మెయిన్ రోడ్డు దాకా షేర్ ఆటోనే, అందులో ఫ్రీ లేదు. కోనసీమలో రైలు ఊసే లేదు, కోటిపల్లి–నర్సాపురం లైను ఎప్పుడో మొదలుపెట్టి గోదాట్లో స్తంభాలు లేపారు, ఇంకా బండి రాలేదు. దాంతో ఇంటర్ అవగానే ప్రతి కుర్రాడికీ మోటార్ సైకిల్ కావాలి. తండ్రులు వడ్డీకి తెచ్చి కొనిస్తారు. రావులపాలెం రోడ్డు మీద ఆ స్పీడు చూస్తే నాకు గుండె ఆగుతుంది, నేను లారీ తోలినవాణ్ణి.

ఇన్ని బళ్ళ పొగ, పర్యావరణం అనగానే మనవాళ్ళు అదేదో ఢిల్లీ పొగ గొడవ అనుకుంటారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వస్తే మా ఊరు పడవలెక్కింది, అటు అంతర్వేది వైపు సముద్రం లోపలికి వస్తోంది, ఉప్పునీళ్ళొచ్చిన చేలో వరి పండదు. వేడెక్కితే ముందు మునిగేది మా బోటి డెల్టాలే.

నన్నడిగితే 22 లోపు మగపిల్లలకీ ఫ్రీ ఇవ్వాలంటాను, అంతకంటే ముందు గట్టు రోడ్ల మీద తిరగ్గలిగే చిన్న బస్సులు కొనాలంటాను, కాలేజీ వదిలే టైముకి ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఒకటి. ఇవన్నీ ఫోన్లో అన్నయ్యకి చెప్పాను. అంతా విని, "బానే ఉందిరా, ఈ ఏడు వాడి చదువు సంగతి చెప్పు" అన్నాడు. ఆఖరి బస్సేమో వాడి ల్యాబ్ అయ్యేలోపే వెళ్ళిపోతుంది. పోయిన నెల వాడికి మోటార్ సైకిల్ కొన్నారు, డౌన్ పేమెంట్ నా బస్సు జీతంలోంచే పంపాను.