పేర్లు పక్కన పెట్టాకే ఐరన్ టాపిక్ నాకు పట్టుబడింది

లైఫ్ సైన్సెస్ పరీక్షకు మొదటిసారి చదివినప్పుడు సైడెరోఫోర్ల (ఐరన్‌ను పట్టి తెచ్చుకోవడానికి బ్యాక్టీరియా బయటికి వదిలే చిన్న అణువుల) పేర్లన్నీ పట్టిక వేసి బట్టీ పట్టాను. వారం తిరిగేసరికి సగం మర్చిపోయాను. పరీక్షలో ఫర్ జీన్ పోయిన బ్యాక్టీరియాలో ఏమవుతుందని అడిగారు. టెన్షన్‌లో "ఐరన్ తీసుకోవడం ఆగిపోతుంది" అని పెట్టి వచ్చాను. తప్పు. ఫర్ ఒక రిప్రెసర్. కణంలో ఐరన్ సరిపడా ఉన్నప్పుడు దానితో కలిసి డీఎన్‌ఏ మీద కూర్చుని, ఐరన్ తెచ్చే జీన్లను ఆపుతుంది. ఫర్ లేకపోతే ఆ జీన్లు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయి. ఆ మార్కు పోయినందుకు చాలా రోజులు బాధపడ్డాను.

రెండోసారి ఒకే ప్రశ్నతో మొదలుపెట్టాను. మన రక్తంలో బ్యాక్టీరియాకు ఐరన్ దొరుకుతుందా? ట్రాన్స్‌ఫెరిన్ అనే రక్తంలోని ప్రోటీన్ గట్టిగా పట్టుకుని ఉంచడం వల్ల విడిగా ఉండే ఐరన్ సుమారు 10⁻²⁴ మోలార్ మాత్రమే. బ్యాక్టీరియా పెరగడానికి 10⁻⁶ మోలార్ దాకా కావాలి. ఈ తేడా మనసుకెక్కాక మిగతాదంతా దొంగా పోలీసు కథలా సాగింది. ఈ.కోలై ఎంటిరోబాక్టిన్ అనే సైడెరోఫోర్‌ను బయటికి వదిలి ఐరన్ లాక్కుంటుంది. మన శరీరం లిపోకాలిన్-2 అనే ప్రోటీన్‌తో ఆ ఎంటిరోబాక్టిన్‌నే పట్టేస్తుంది. సాల్మొనెల్లా దానికి గ్లూకోజ్ తగిలించి సాల్మోకెలిన్‌గా మారుస్తుంది, ఇక లిపోకాలిన్‌కు అది చిక్కదు. నైసీరియా అయితే సైడెరోఫోర్ తయారు చేయకుండా నేరుగా ట్రాన్స్‌ఫెరిన్ నుంచే లాగేస్తుంది. ఇలా ఎత్తుకు పైఎత్తుగా చదివితే పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

డిఫ్తీరియాను మాత్రం వదలకండి. టాక్సిన్ జీన్ ఫేజ్‌ది (బ్యాక్టీరియాలో చేరే వైరస్‌ది), దాని స్విచ్ మాత్రం బ్యాక్టీరియా క్రోమోజోమ్ మీద ఉన్న డీటీఎక్స్‌ఆర్ (ఫర్ లాంటి రిప్రెసర్) చేతిలో. ఐరన్ తగ్గితేనే టాక్సిన్ బయటికొస్తుంది. నా దృష్టిలో ఈ టాపిక్‌లో ఇంత చక్కటి ఉదాహరణ ఇంకోటి లేదు.

నన్ను బాగా కదిలించింది 2009 నాటి చికాగో ఘటన. ప్లేగు బ్యాక్టీరియా మీద పనిచేస్తున్న ఒక పరిశోధకుడు ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. ఆయన వాడిన స్ట్రెయిన్‌లో ఐరన్ తెచ్చుకునే కొన్ని జీన్లు లేవు, అందుకే దాన్ని బలహీనమైనదిగా లెక్కగట్టారు. కానీ ఆయనకు హీమోక్రొమటోసిస్ (ఒంట్లో ఐరన్ పేరుకుపోయే జబ్బు) ఉందని తర్వాత తేలింది. ఒంట్లో పేరుకున్న ఐరనే ఆ లోటును పూడ్చి ఉండవచ్చని నిపుణులు భావించారు. అది చదివాక వైరులెన్స్‌ను (జబ్బు కలిగించే శక్తిని) బ్యాక్టీరియా వైపు నుంచి మాత్రమే చూడటం మానేశాను. ప్రతి జీన్ పక్కన రెండు ప్రశ్నలు రాసుకుంటున్నాను: ఇది తీసేస్తే ఏమవుతుంది, రోగిలో ఐరన్ ఎక్కువైతే ఏమవుతుంది?

చివరగా సెఫిడెరోకాల్ చూడండి. సైడెరోఫోర్ వేషంలో లోపలికి వెళ్లే యాంటీబయాటిక్ అది, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. బ్యాక్టీరియాలో ఆ సైడెరోఫోర్ రిసెప్టర్ జీన్ దెబ్బతింటే మందు పనితీరు ఎలా మారుతుందో, అదే బ్యాక్టీరియా రోగి ఒంట్లో ఎంతవరకు నిలబడగలదో ఒకసారి కాగితం మీద రాసి చూడండి.