మూత బిగించిన సీసా: చెట్టు పచ్చగానే ఉంది, నత్తలే పోతున్నాయి

గాలి చొరకుండా మూసిన సీసాలో మొక్క, నత్తలు వాటంతటవే బతకాలన్నది ప్రయోగం. మళ్లీ అదే తంతు! మూత బిగించి వారం తిరక్కముందే నత్తలన్నీ తెల్లవారుజామున నీటి అంచుకు ఎగబాకాయి, లైటు వెలిగేసరికి రాలిపోయాయి. నీటిమొక్క హైడ్రిల్లా మాత్రం కొత్త చిగుళ్లేస్తోంది.

ఆరు లీటర్ల గాజు సీసా, మెడ దాకా నాలుగున్నర లీటర్ల నీళ్లు. అడుగున 3 సెం.మీ. చెరువు మట్టి, పైన 2 సెం.మీ. ఇసుక, ఆరు నీటి నత్తలు. 10 వాట్ల ఎల్‌ఈడీ రోజుకు 8 గంటలు, గది 30 డిగ్రీలు. ఇదే కూర్పుతో జంట సీసా ఒకటి ఉంది, పరీక్షలకు తెరిచేది దాన్నే. అసలుదాన్ని తెరిస్తే గాలి దూరి లెక్క చెడుతుంది.

జంట సీసాలో లైటు ఆరే ముందు కరిగిన ఆక్సిజన్ లీటరుకు 11 మి.గ్రా., పీహెచ్ 8.4. పొద్దున లైటుకు ముందు 1 మి.గ్రా., పీహెచ్ 7.0. మొత్తం అమ్మోనియా లీటరుకు 1 మి.గ్రా. (అమ్మోనియా, పీహెచ్‌లకు రంగు స్ట్రిప్పుల కన్నా చుక్కల కిట్ నయం.) మొదటి అనుమానం అమ్మోనియా మీదే. కానీ 30 డిగ్రీల్లో పీహెచ్ 8.4 దగ్గర దానిలో ఆరో వంతు విషరూపంలో ఉంటే, 7.0 దగ్గర నూటికి ఒక వంతు కూడా ఉండదు. అమ్మోనియా చంపితే సాయంత్రం చంపాలి. తెల్లవారుజామున చావంటే ఊపిరాడకే అయ్యుండాలి.

చెట్టు కూడా రాత్రంతా ఆక్సిజన్ పీల్చేదే. అసలు తిండిపోతు మాత్రం మట్టి. ఇసుక కింద నల్లటి పొర, కదిపితే కుళ్లిన గుడ్డు వాసన, అంటే అక్కడ ఆక్సిజన్ మిగల్లేదు. అరిజోనాలో 1991లో మనుషుల్ని లోపల పెట్టి మూసిన పెద్ద గాజు ప్రయోగశాల బయోస్ఫియర్ 2లో జరిగిందీ ఇదే: సారవంతమైన మట్టిలో సూక్ష్మజీవులు పీల్చిపారేస్తే ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14 శాతం దరిదాపులకు పడిపోయింది. విడుదలైన కార్బన్ డయాక్సైడ్‌ను కాంక్రీటు పట్టేసుకోవడంతో మొక్కలకూ అది తిరిగి దక్కలేదు.

రెండో అనుమానం మెడ. పైన మిగిలిన అర లీటరు గాలిలో సుమారు 135 మి.గ్రా. ఆక్సిజన్ ఉంటుంది, కింద నీళ్లన్నిటిలో లైటు ఆరే ముందు ఉండే సుమారు 50 మి.గ్రా.కు రెండున్నర రెట్లకు పైనే. బ్యాంకులో డబ్బుంది, కౌంటరే ఇరుకు: మెడ దగ్గర నీటి ఉపరితలం 50 చ.సెం.మీ., పొట్ట దగ్గరైతే 200. కదలని నీళ్లలోకి గాలి దిగడమే నెమ్మది, ఆపై ఇంత సందు.



ఈసారి అసలు సీసాలో నీళ్లు 3 లీటర్లే, పొట్ట దాకా. మట్టి 1 సెం.మీ., అదీ తడిపి ఎండబెట్టడం నాలుగైదు సార్లు చేసి, తేలిన చెత్త తీసేశాకే. వర్మీకంపోస్టు కలపమనే సలహా మూసిన సీసాకు పనికిరాదు. నత్తలు రెండు. జంట సీసాలో పాత కూర్పే ఉంచి, లైటు 24 గంటలూ వెలిగించాలి. అందులో నత్తలు బతికితే ఆక్సిజన్ సంగతి ఖాయం. అప్పుడు మోయినా (చిన్న నీటి ఈగలు) వేయొచ్చు, వాటి మేతకు పచ్చనీళ్లు (సన్న నాచు పెరిగిన నీళ్లు) విడిగా పెంచాలి. ఆవకాయ పెట్టిన సీసాలైతే మూత రబ్బరు మార్చాల్సిందే, ఆ నూనె నీటిపై తెట్టు కడుతుంది.