బయాలజీ పీరియడ్‌లో ఖోఖో: నా అనుభవం

నా బయాలజీ పీరియడ్‌లో ఖోఖో ఆడిస్తానని అడగ్గానే హెచ్ఎం గారు సరేనన్నారు. పీఈటీ సార్ ముగ్గుపిండితో కోర్టు కూడా గీయించారు. ఇంతవరకూ హాయే.

ఒళ్లు కదిలితే మనసు ఎలా మారుతుందో తొమ్మిదో తరగతికి వాళ్ల మీదే చూపిద్దామనుకున్నా. ఆటకు ముందు, ఆడాక మూడ్‌కి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసివ్వమంటే అందరూ ఐదే వేశారు! మార్కులనుకున్నారట. "తక్కువేస్తే ఇంట్లో చెప్తారా మేడం?" అందో పిల్ల. పేర్లు తీసేసి, అంకెల చోట మొహాల బొమ్మలు పెట్టాక గానీ నిజాలు బయటపడలేదు. మీరెవరైనా చేస్తే చీటీ మీద పేరు మాత్రం రాయించకండి.

ఆట అయ్యి, పిల్లలు చెమటలు కక్కుతూ మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టుకుంటుంటే తనిఖీకొచ్చిన పెద్దాయన కారు దిగారు. "ఏమ్మా, సిలబస్ అయిపోయిందా? జీతం ఇచ్చేది ఆటలాడించడానికా?" అదీ పిల్లల ముందే! లెసన్ ప్లాన్ చూపించబోతే చేత్తో పక్కకు నెట్టారు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం ఉండాలని 2020లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిందన్నాను. "అవన్నీ ఫారిన్ లెక్కలు. టెన్త్ రిజల్ట్ చూపించు" అన్నారు. హెచ్ఎం గారేమో ఫోన్లో తల దూర్చారు. ముందు వరసలో పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు, నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. 2019లో కేంద్రం వారి వ్యాయామ ప్రచారం ఫిట్ ఇండియా మొదలైనప్పటి నుంచి పిల్లల్ని ఎండలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించి ఫొటోలు పెట్టమని వెంటపడేది ఈయన ఆఫీసే. ప్రతిజ్ఞకు అడ్డురాని సిలబస్ ఆటకు అడ్డొచ్చింది.

ఆయన పోయాక చీటీలు విప్పాం. ఎక్కువమంది మొహాలు ఒక మెట్టు పైకెక్కాయి. ఓడిన జట్టులో కొందరివి దిగిపోయాయి. అసలు పాఠం నాకు అక్కడే దొరికింది: కదలడం ఒకటి, పోటీ ఒకటి. ఇక ఆడాక వచ్చే హాయంతా ఎండార్ఫిన్ల (నొప్పి తగ్గించేందుకు ఒంట్లో పుట్టే రసాయనాలు) మహిమేనని ఒక్క ముక్కలో తేల్చేయకండి. రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి అంత తేలిగ్గా దాటవు. వాటి పనిని మందుతో అడ్డుకున్నా పరుగెత్తినవాళ్లకు ఆ హాయి తగ్గలేదని జర్మనీ పరిశోధకులు 2021లో చూపించారు. గంజాయిలోని మత్తు పదార్థాన్ని పోలి, ఒంట్లోనే తయారయ్యే ఎండోకానబినాయిడ్ల వల్ల ఆ హాయి వస్తుందేమోనని ఇప్పుడు అనుమానం. ఇది చెప్తే వెనక బెంచీ కూడా నోరు తెరుచుకుని విన్నది, నా పాఠానికి ఎప్పుడూ లేనిది!

సంజాయిషీ రాసిమ్మన్నారు. చీటీల జిరాక్సులు జతచేసి ఇచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. ఎనిమిదో తరగతికి స్కిప్పింగ్ తాళ్లు తెప్పిస్తున్నా, ఈసారి జట్లు లేకుండా.