గాదంకి రాడార్, పదుల లెక్క

మా మేనకోడలికి యూనిట్ల ముందు పెట్టే ప్రిఫిక్సులన్నీ నోటికి వచ్చు. కిలో, మెగా, మిల్లీ, నానో అడిగితే టకటకా చెప్తుంది. యూనిట్ మార్చమంటే మాత్రం టెన్షన్: గుణించాలా, భాగించాలా?

నిన్న పుస్తకం మూయించి గాదంకి సంగతి ఎత్తుకున్నా. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లేటప్పుడు ఎన్నోసార్లు చూసిన ఊరే. అక్కడ వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మెగా తీసేసి 10⁶ పెడితే 5.3 × 10⁷ హెర్ట్జ్. కాంతి వేగం సెకనుకు 3 × 10⁸ మీటర్లు. ఆ వేగాన్ని ఈ హెర్ట్జ్ లెక్కతో భాగిస్తే ఒక్కో తరంగం పొడవు సుమారు 5.66 మీటర్లు.

"అంత పొడవా మామా!" అంది.

అక్కడే లైడార్ కూడా ఉంది, రేడియో తరంగాల బదులు లేజర్ కాంతి వాడే రాడార్ లాంటిది. దాని ఆకుపచ్చ లేజర్ 532 నానోమీటర్లు, అంటే 5.32 × 10⁻⁷ మీటర్లు. రెండింటికీ తేడా దాదాపు కోటి రెట్లు. ఘాతాలు తీసేస్తే ఐదు పాయింట్ ఎంతో, రెండూ ఒకేలా కనిపిస్తాయి! అందుకే నాకు ముందు ఘాతమే ముఖ్యం, అంకెలు తర్వాత.

అసలు తిరకాసు వైశాల్యంలో ఉంది. మీటరుకు 10² సెంటీమీటర్లు, చదరపు మీటరుకు 10⁴ చదరపు సెంటీమీటర్లు. సెంటీకి కూడా వర్గం చేయాలి. (తిరుపతిలో స్థలం బేరానికి ఇదేం పనికిరాదు, అక్కడ అంకణాలనే స్థానిక కొలతే.)

2022లో ప్రిఫిక్సుల జాబితాలో రోన్నా, క్వెట్టా కూడా చేరాయని చెప్పా, 10²⁷, 10³⁰.

"పరీక్షలో వస్తాయా?"

రావులే అన్నా. వెంటనే పుస్తకం తెరిచేసింది.